సారీ: నొప్పి ఎవరిది?

బస్సు కదిలిన కుదుపుకు వెనక్కి తూలిన మనిషి మడమ, వెనక నిలబడ్డవారి కాలివేళ్ళ మీద పడుతుంది. తొక్కింది ఎవరినో తిరిగి చూడకముందే నోటి నుంచి ‘సారీ’ వచ్చేస్తుంది. అదే బస్సులో సీటు మీద కూర్చున్న పెద్దావిడ కాలు పక్కవారికి తగిలిందనుకోండి. ఆమె ఏమీ అనదు. వంగి, తగిలిన చోటును వేళ్ళతో తాకి, ఆ వేళ్ళను కళ్ళకు అద్దుకుంటుంది. ఆ తరువాత మళ్ళీ కిటికీలోంచి బయటికి చూస్తుంది.

సందర్భం దాదాపు ఒకటే. అయినా పెద్దావిడ చేసిన పనికి అవతలి మనిషి ఉండి తీరాలి, అతణ్ణి తాకాలి. ‘సారీ’కి ఆ అవసరం లేదు, వెనక ఉన్నది ఎవరైనా అది నోటి నుంచి వస్తుంది. ఈ తేడా పాతకాలపు మర్యాదకూ కొత్తకాలపు తొందరకూ మధ్య ఉన్న తేడాగా చెప్పుకోవడం మామూలు. నిజానికి ఇది ఆ మాట పుట్టుకలోనే ఉంది. మనం రోజుకు పదిసార్లు పలికే ‘సారీ’ ఇంగ్లీషులో పుట్టినప్పుడు తప్పు గురించి చెప్పే మాట కానే కాదు.

ప్రాచీన ఇంగ్లీషులో ‘సార్’ అంటే నొప్పి, గాయం. ఈనాటి ‘సోర్’ దాని రూపమే. గొంతు నొప్పిని ‘సోర్ త్రోట్’ అనేటప్పుడు వినిపించేది అదే. ఆ ‘సార్’ నుంచి పుట్టిన విశేషణం ‘సారిగ్’. నొప్పితో ఉన్న, మనసు కలత చెందిన అని అర్థం. అదే అరిగి అరిగి ‘సారీ’ అయింది. దుఃఖం అనే అర్థంలో ఇంగ్లీషులో ఉన్న ‘సారో’ దీనికి చుట్టమనే చాలామంది అనుకుంటారు. ఆ రెండింటి మూలాలు వేరు. ‘సారో’ వచ్చింది ‘సోర్గ్’ అనే మరో మాట నుంచి. పక్కపక్కనే బతకడం వల్ల ఒకదాని పోలిక ఇంకొకదానికి వచ్చిందంతే. జర్మన్ భాషలో ‘చాలా’ అనడానికి వాడే ‘జేర్’ కూడా ఈ నొప్పి మాటకు దాయాదే. అక్కడ నొప్పి పోయి తీవ్రత మిగిలింది. ఇంగ్లీషులో నొప్పి శరీరం నుంచి మనసుకు చేరింది.

కాబట్టి ఇంగ్లీషువారు ‘ఐ యామ్ సారీ’ అన్నప్పుడు, మాటకు మాటగా చూస్తే, వారు చెబుతున్నది ‘నేను నొప్పితో ఉన్నాను’ అని. ఎందుకు నొప్పి అన్నది సందర్భం చెప్పాలి. మిమ్మల్ని తొక్కినందుకు కావచ్చు. మీ నాన్నగారు పోయినందుకు కావచ్చు. మీరు అడిగిన పుస్తకం తమ దగ్గర లేనందుకు కావచ్చు. మీరన్నది సరిగా వినపడనందుకు కూడా కావచ్చు. అప్పుడు చివర కొంచెం సాగదీసి ‘సారీ?’ అంటారు. ఎవరి మీదైనా జాలి కలిగినా వాడేది ఈ మాటే. చూడటానికి దీనంగా ఉన్న ఇంటినో గుర్రాన్నో వర్ణించడానికి కూడా ఇదే విశేషణం ముందు చేరుతుంది. ముందు ‘ఐ యామ్’ వదిలేసి ఒంటరిగా ‘సారీ’ అనేసి ముందుకు సాగిపోవడం 19వ శతాబ్దంలో కనిపించే అలవాటు. బ్రిటన్‌లో తొక్కినవారూ తొక్కించుకున్నవారూ ఇద్దరూ సారీ చెప్పుకోవడం బయటివారికి వింతగా కనిపిస్తుంది గానీ, మాట మూలం తెలిస్తే అందులో వింత లేదు. జరిగినదానికి ఇద్దరికీ ఇబ్బందిగా ఉంది, ఇద్దరూ ఆ ఇబ్బందిని చెప్పుకుంటున్నారు.

తెలుగులోకి వచ్చేటప్పుడు ఈ మాట తన సామానంతా తెచ్చుకోలేదు. మొదట వ్యాకరణమే మారింది. ఇంగ్లీషులో అది మనిషి స్థితిని చెప్పే విశేషణం. తెలుగులో నామవాచకం అయి కూర్చుంది. సారీ చెప్పాడు, సారీ చెప్పించారు, ఒక్క సారీ కూడా లేదు, నీ సారీ నాకు అక్కర్లేదు. ఈ వాక్యాలన్నిటిలో అది ఒకరు ఇచ్చి మరొకరు పుచ్చుకునే వస్తువు. ఇంగ్లీషులోనూ ‘సే సారీ’ అని పిల్లలకు చెప్పడం ఉంది, కానీ ‘నేను సారీగా ఉన్నాను’ అనే అసలు వాక్యం వెనక నిలబడి ఉంటుంది. మనకు ఆ వాక్యమే రాలేదు. ‘నేను చాలా సారీగా ఉన్నాను’ అని ఏ తెలుగు మనిషీ అనరు. స్థితి పోయింది, చెల్లింపు మిగిలింది. చెల్లించాక లెక్క తీరిపోయిందనే భావన కూడా దాని వెంటే వచ్చింది. ‘సారీ చెప్పాను కదా, ఇంకేం చేయాలి?’ అనే విసుగు తెలుగు ఇళ్ళలో ఎన్ని గొడవల్లో వినిపిస్తుందో అందరికీ తెలుసు.

అర్థంలో కూడా సగమే వచ్చింది. తప్పు, పొరపాటు, లేదనడం వరకు తీసుకున్నాం. దుకాణంలో అడిగిన సరుకు లేకపోతే ‘సారీ అండీ’ అంటారు, అది మర్యాదగా ‘లేదు’ అనడం. మరణం దగ్గర మాత్రం ఈ మాటను గడప దాటనివ్వలేదు. పోయినవారి ఇంటికి వెళ్ళి సారీ అనడం తెలుగులో ఊహించలేం. అన్నా ‘నువ్వేం చేశావని?’ అనిపిస్తుంది. ఒక్క చోట మినహాయింపు ఉంది. సినిమాలో ఆపరేషన్ గది తలుపు తెరుచుకుని డాక్టర్ బయటికి వచ్చి, కళ్ళద్దాలు తీసి ‘సారీ’ అంటే, హాల్లో ఇంగ్లీషు అక్షరం రాని ముసలమ్మకు కూడా రోగి ఇక లేడని తెలిసిపోతుంది. డాక్టర్ తప్పు చేశాడని ఎవరూ అనుకోరు. ఇంగ్లీషు మాటలోని పాత అర్థం తెలుగువారికి తెర మీద అలా చేరింది, అక్కడే ఆగిపోయింది.

విదేశాల్లో పనిచేసే తెలుగువారికి ఆగిపోయిన ఆ సగమే ఎదురవుతుంది. తండ్రి పోతే ఊరికి వచ్చి కర్మకాండలు ముగించుకుని తిరిగి ఆఫీసుకు వెళ్ళిన మనిషితో, రోజూ పలకరించుకునే తోటి ఉద్యోగి వచ్చి సారీ అంటాడు. ఏం జవాబు చెప్పాలో తోచదు. అలవాటుగా ‘పరవాలేదు’కు సరిపోయే ఇంగ్లీషు మాట నోటి నుంచి వచ్చేస్తుంది. తండ్రి పోయినందుకు పరవాలేదనడం ఎంత తప్పుగా వినిపిస్తుందో అన్నాక గానీ తెలియదు. ఆ సారీకి అక్కడ జవాబు ‘థాంక్స్’. మీ నొప్పిలో నాకూ కొంత నొప్పి ఉందని ఒకరు చెబితే దాన్ని మన్నించాల్సిన పని లేదు, అందుకోవడమే.

ఒకే మాటలో తప్పూ నొప్పీ కలిసి ఉండటం దేశాల మధ్య ఎంతవరకు పనికొచ్చిందో 2001లో తెలిసింది. ఆ ఏడాది ఏప్రిల్ 1న దక్షిణ చైనా సముద్రం మీద అమెరికా నిఘా విమానమూ చైనా యుద్ధవిమానమూ ఢీకొన్నాయి. చైనా పైలట్ వాంగ్ వెయ్ చనిపోయాడు. దెబ్బతిన్న అమెరికా విమానం అనుమతి అందకుండానే హైనాన్ దీవిలో దిగింది. అందులోని 24 మందిని చైనా నిర్బంధించింది. క్షమాపణ చెప్పాలని చైనా పట్టుబట్టింది. తమ తప్పు లేదు, చెప్పేది లేదని అమెరికా అంది. చివరికి ఏప్రిల్ 11న అమెరికా రాయబారి జోసెఫ్ ప్రూహర్ ఇచ్చిన లేఖలో ‘వెరీ సారీ’ రెండుసార్లు వచ్చింది. పైలట్ కుటుంబానికి కలిగిన నష్టానికి ఒకసారి, మాటగా అనుమతి రాకముందే దిగినందుకు మరోసారి. చైనా దాన్ని తమ భాషలో ‘షెన్ బియావ్ చియెన్ యీ’ అని అనువదించి ప్రజలకు చూపింది. అది క్షమాపణకు బాగా దగ్గరి మాట. తాము చెప్పింది విచారమే తప్ప తప్పు ఒప్పుకోవడం కాదని అమెరికా తన ప్రజలకు చెప్పుకుంది. 24 మందీ ఇళ్ళకు చేరారు. ఆ లేఖ రాసినవారు ప్రాచీన ఇంగ్లీషు అర్థాన్ని కాగితం మీద పెట్టారు, చదివినవారు కొత్త అర్థాన్ని చదువుకున్నారు. ఎవరూ అబద్ధం ఆడలేదు.

ఇందుకు పూర్తిగా ఎదురుదారి ఆస్ట్రేలియాది. అక్కడ ఆదివాసీ పిల్లలను దశాబ్దాల పాటు తల్లిదండ్రుల నుంచి వేరుచేసి ప్రభుత్వ సంస్థల్లో, తెల్లవారి ఇళ్ళలో పెంచారు. 1997లో ఆ చరిత్ర మీద జాతీయ విచారణ నివేదిక వచ్చింది. మరుసటి ఏడాది మే 26న మొదటిసారి ‘సారీ డే’ జరిపారు. ప్రధాని జాన్ హొవార్డ్ 1999లో పార్లమెంటులో ప్రగాఢ విచారాన్ని ప్రకటించే తీర్మానం పెట్టారు. అందులో సారీ లేదు, పెట్టడానికి ఆయన ఒప్పుకోలేదు. 2000 మే 28న సిడ్నీ హార్బర్ వంతెన మీద లక్షల మంది నడుస్తుంటే, పైన ఒక విమానం పొగతో ఆకాశం మీద ఆ ఒక్క మాటనే రాసింది. 2008 ఫిబ్రవరి 13న కొత్త ప్రధాని కెవిన్ రడ్ పార్లమెంటులో నిలబడి ‘మేం సారీ చెబుతున్నాం’ అని ముమ్మారు అన్నారు.

బస్సులో ఊరికే జారిపోయే మాట కోసం ఒక దేశం దశాబ్దం పైగా ఎదురుచూసిందంటే, దాని బరువు ఎవరి కోసం పలికారన్న దాని మీదే ఆధారపడి ఉందన్నమాట. ఇంకో సంగతి కూడా ఇక్కడ గమనించాలి. ఆస్ట్రేలియా ఆదివాసీలు తమ ఇంగ్లీషులో మరణానంతర ఆచారాలను ‘సారీ బిజినెస్’ అంటారు. మనిషి పోయినప్పుడు బంధువులంతా పనులు ఆపి ఒకచోట చేరి శోకం పాటించే రోజులవి. వారి నోట సారీ ఇంకా నొప్పి మాటగానే బతికి ఉంది. ప్రధాని నోటి నుంచి వారు వినగోరిన మాట కూడా అదే.

మనకు దగ్గరి గాయం జలియన్‌వాలా బాగ్. 1919 ఏప్రిల్ 13న జరిగిన ఆ మారణకాండకు వందేళ్ళు నిండుతున్న సమయంలో, 2019 ఏప్రిల్ 10న బ్రిటన్ ప్రధాని థెరిసా మే పార్లమెంటులో తీవ్ర విచారం వెలిబుచ్చారు. వాడిన మాట ‘రిగ్రెట్’. సారీ దాకా రాలేదు. అదే ఏడాది సెప్టెంబరులో ఇంగ్లండ్ చర్చికి అప్పటి పెద్ద, కాంటర్‌బరీ ఆర్చ్‌బిషప్ జస్టిన్ వెల్బీ అమృత్‌సర్ వచ్చి, ఆ తోటలో నేల మీద బోర్లా పడుకుని ప్రార్థించారు. ప్రభుత్వం తరఫున మాట్లాడే అధికారం తనకు లేదని చెబుతూనే సిగ్గుపడుతున్నానని, సారీ అని అన్నారు. సాష్టాంగం తెలిసిన మన కళ్ళకు ఆ నేల మీద పడుకోవడం ముందు మాట చిన్నదిగానే కనిపించింది. తెలుగు పత్రికలు ఇలాంటి చోట తేడా పాటిస్తాయి. ‘విచారం వ్యక్తం చేశారు’ అన్నది ఒక వార్త, ‘క్షమాపణ చెప్పారు’ అన్నది వేరే వార్త. వాటిని కలిపేయకుండా కాపాడుకుంటున్నందుకు ఉపసంపాదకులను మెచ్చుకోవాలి.

చట్టం కూడా ఈ ముడిని విప్పాల్సి వచ్చింది. ప్రమాదం చేసినవారు, ఆపరేషన్ వికటించిన డాక్టరు సారీ అంటే, రేపు కోర్టులో అది తప్పు ఒప్పుకున్నట్టు అవుతుందేమోనన్న భయంతో నోరు మెదపడం మానేస్తారు. బాధితులకు నష్టపరిహారం కన్నా ముందు కావలసిన మాట దక్కదు. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం 1986లోనే, ప్రమాదం తరువాత చూపిన సానుభూతిని బాధ్యతకు సాక్ష్యంగా వాడరాదని చట్టం చేసింది. కెనడాలో బ్రిటిష్ కొలంబియా 2006లో, ఒంటారియో 2009లో ఏకంగా క్షమాపణ చట్టాలే తెచ్చాయి. మన దేశంలో 1971 నాటి కోర్టు ధిక్కార చట్టం 12వ సెక్షన్ ఇంకోలా ఆలోచించింది. క్షమాపణ కోర్టుకు తృప్తి కలిగించేలా ఉంటే శిక్ష తప్పవచ్చు. అందులో షరతు ఉందన్న ఒక్క కారణంతో, చిత్తశుద్ధితో చెప్పినదాన్ని తోసిపుచ్చకూడదు. ‘బేషరతు క్షమాపణ’ అని పత్రికల్లో తరచూ కనిపించే మాట అయినా, చట్టం చూస్తున్నది షరతు కన్నా మనసును.

ఇక తెలుగు వైపు చూద్దాం. ‘సారీకి తెలుగులో మాట లేదు’ అనే ఫిర్యాదు తరచూ వింటాం. మాటలకు కొదవ లేదు, అవన్నీ మరో దిక్కుకు తిరిగి ఉన్నాయి. ‘క్షమించండి’లోని క్షమ అంటే ఓర్పు. భూమికి కూడా సంస్కృతంలో ఆ పేరుంది, ఎంత తవ్వినా తొక్కినా ఓర్చుకుంటుందని. క్షమించమంటే ‘నన్ను ఓర్చుకోండి’ అని అడగడం. ‘మన్నించండి’ పక్కనే మన్నన ఉంది. ‘మా ఆహ్వానాన్ని మన్నించి విచ్చేసిన పెద్దలకు’ అని సభల్లో అంటారే, అదే మన్నించడం. తప్పు చేసినా నా మీద గౌరవం తీసేయకండి అని అందులో వేడుకోలు. ‘తప్పు కాయండి’లో కాపాడమనే అర్థం. ‘ఏమీ అనుకోకండి’ అయితే అవతలి మనసులో ఏం పుడుతుందో అన్న బెంగ అంతా రెండు మాటల్లో చెబుతుంది. అన్నిటిలోనూ క్రియ అవతలివారిది. ఓర్చుకోవలసింది, గౌరవించవలసింది, కాయవలసింది, అనుకోకుండా ఉండవలసింది వారే. చెప్పేవారు చేయి చాచి నిలబడతారు. దేవుడి ముందు చెంపలు వేసుకోవడం, వినాయకుడి ముందు గుంజీలు తీయడం, పూజ చివర ‘మంత్రహీనం క్రియాహీనం’ అని చదివి లోపాలకు మన్నింపు కోరడం, ఇవన్నీ అదే వరసలోవి. అవతల ఒకరు లేకుండా ఇవి జరగవు.

నొప్పి మాట కూడా తెలుగులో ఉంది, అదీ ఇంగ్లీషు సారిగ్‌కు అచ్చంగా సరిపోయేది: నొచ్చుకోవడం. నొప్పి పుట్టిన వేరు నుంచే ఇదీ పుట్టింది. ఎవరైనా పరుషంగా మాట్లాడితే విన్నవారు నొచ్చుకుంటారు. ‘వేళకాని వేళ వచ్చి మీకు శ్రమ ఇచ్చానే అని ఆయన ఎంతో నొచ్చుకున్నారు’ అన్నప్పుడు నొప్పి శ్రమ ఇచ్చినవారిది. ఇక్కడే తెలుగు తీరు బయటపడుతుంది. ‘ఆయన నొచ్చుకున్నారు’ అని మూడో మనిషి గురించి చెబుతాం. ఎదురుగా ఉన్నవారితో ‘నేను నొచ్చుకుంటున్నాను’ అని క్షమాపణగా చెప్పుకోం. మన నొచ్చుకోవడాన్ని ఇతరులు చూసి చెప్పాలి, మనంతట మనం ప్రకటించుకుంటే అది ఎదురు ఫిర్యాదులా వినిపిస్తుంది. ఎదుటి మనిషితో మాట్లాడేటప్పుడు ‘మీ మనసు నొప్పించాను’ అంటాం. నొప్పి మీది, చేసింది నేను. సారీలో నొప్పి చెప్పేవారి దగ్గర ఉంటే, తెలుగులో పడినవారి దగ్గర ఉంటుంది.

ఆ వాక్యానికే ఒక చిన్న మెలిక పెట్టి మాటను చంపేసే పద్ధతి ఈ మధ్య బహిరంగ ప్రకటనల్లో స్థిరపడింది. ‘నా వ్యాఖ్యల వల్ల ఎవరి మనోభావాలైనా దెబ్బతిని ఉంటే క్షమించండి.’ నొప్పించానన్న నిశ్చయం పోయి, ఎక్కడో ఎవరో దెబ్బతిని ఉండవచ్చునన్న అనుమానం మిగిలింది. నొప్పించిన మనిషి వాక్యంలో కర్తగా లేడు, నొచ్చినవారికి పేరు లేదు. ‘ఉంటే’ అన్న ఒక్క ముక్క తీసేసి, ‘ఎవరి’కి బదులు నొచ్చినవారిని పేరుతో చెప్పి చూస్తే, అదే వాక్యం ఎంత నిటారుగా నిలబడుతుందో తెలుస్తుంది.

రైల్వే స్టేషన్ ప్రకటనల్లో వినిపించే ‘మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము’, ఒకప్పుడు దూరదర్శన్ తెర మీద బొమ్మ ఆగిపోయినప్పుడల్లా కనిపించిన ‘అంతరాయానికి చింతిస్తున్నాము’ మాత్రం వేరే జాతివి. ఆ అనువాదకులు నొప్పి అర్థాన్నే పట్టుకున్నారు. చింత పడేది చెప్పేవారే. అందుకే అది మాట్లాడే తెలుగులా అనిపించదు; ఏ మనిషీ ఎదుటి మనిషితో ‘చింతిస్తున్నాను’ అని క్షమాపణ చెప్పరు. అయినా ముఖం లేని సంస్థ, వేలమంది ముక్కూ మొహం తెలియని ప్రయాణికులతో ఓర్చుకోండి, మన్నించండి అనడం కన్నా తన చింత తాను చెప్పుకోవడమే నయం. రైలు రెండు గంటలు ఆలస్యమయ్యాక ఓర్పు అడిగితే ఇవ్వడానికి ఎవరి దగ్గరా మిగిలి ఉండదు.

బస్సులో కాలు తొక్కినప్పుడు సారీ చాలు. అది తెలుగు మాట అయిపోయింది, ఆ పనికి దానికన్నా పొట్టిది మనకు లేదు. తేలికైన తప్పుకు తేలికైన మాట ఉండటం సౌకర్యమే. చిక్కల్లా అంతకు మించిన చోట వస్తుంది. స్నేహితుడి నమ్మకం పోగొట్టిన రోజున, అన్నదమ్ముల మధ్య ఆస్తి పంపకంలో నోరు జారిన రోజున కూడా అదే రెండక్షరాలు విసిరితే, విన్నవారికి బస్సులో తొక్కినంతే అనిపిస్తుంది. అలాంటి చోట ‘తప్పు నాదే’ అన్న మాట చేసే పని సారీ చేయలేదు. అందులో తప్పు ఉంది, అది ఎవరిదో ఉంది. సారీలో ఆ రెండూ ఊహించుకోవాలి.

పిల్లల దగ్గర మాట కన్నా ముందు చూపు నేర్పే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. తోసేసిన పిల్లవాడి చేత సారీ చెప్పించి పంపేయడం తేలిక. పడిన పిల్ల మోకాలు చూపించి, చర్మం ఎక్కడ లేచిందో చూడమని, కొబ్బరినూనె ఆ పిల్లవాడి చేతికే ఇచ్చే అమ్మమ్మలూ ఉంటారు. సారిగ్ అన్న మాటకు అర్థం వారికి ఎవరూ చెప్పలేదు.

జవాబు సంగతి కూడా చూడాలి. సారీకి మనం చెప్పే ‘పరవాలేదు’ పారసీ ‘పర్వా’ నుంచి వచ్చినది. లక్ష్యపెట్టాల్సినంత ఏమీ లేదని అర్థం. కాలు తొక్కినందుకు అది సరిపోతుంది. నిజంగా నొచ్చినవారిని కూడా మర్యాద పేరుతో ఆ మాట అనమని ఒత్తిడి చేస్తాం, ‘సారీ చెప్పాడు కదా, పోనీలే’ అని. క్షమ అంటే ఓర్పు అయినప్పుడు అది ఇచ్చేవారి ఇష్టం, ఇచ్చేందుకు వారికి వ్యవధి కావాలి. మన్నించమని అడిగిన మనిషి జవాబు కోసం ఆగాలి. ఇంగ్లీషు సారీలో ఆ ఆగడం లేదు, తన స్థితి తాను చెప్పుకోవడంతో దాని పని పూర్తయిపోతుంది.

మరణం జరిగిన ఇంటికి వెళ్ళడాన్ని తెలుగులో పలకరించడం అంటారు. పేరుకు పలకరింపే గానీ అక్కడ పలుకు తక్కువ. వెళ్ళినవారు చాప మీద కూర్చుంటారు. ‘ఎంత పని జరిగింది’ అంటారు, లేదా అదీ అనరు. కాసేపటికి లేస్తారు, ‘వెళ్ళొస్తాం’ అని మాత్రం చెప్పరు. ఇంటివారు తల ఎత్తి చూస్తే చూస్తారు, లేకపోతే లేదు. వచ్చినవారికి జవాబు చెప్పాలన్న నియమం ఎవరికీ లేదు.